కొత్త కారుకి మొదటి ఆయిల్

అమ్మలూ, నువ్వు కారు కొన్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు నేలమీద కాలు నిలవడం లేదు. పూజ అయింది, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం అయింది. ఇక ఇంజిన్ సంగతి ఈ మామయ్య చెబుతాడు, విను. వెయ్యి కిలోమీటర్లు తిరగగానే ఆయిల్ మార్పించెయ్యమని మీ ఆఫీసులో ఎవరో అన్నారట. అంత తొందర అక్కర్లేదు తల్లీ.

ఆ మాట ఊరికే పుట్టలేదు. అంబాసిడర్లు, పద్మినీలు తిరిగిన రోజుల్లో కొత్త ఇంజిన్‌లో పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు ఒరుసుకుంటూ కుదురుకునే సరికి సన్నటి లోహపు రజను బాగానే రాలేది. అది ఆయిల్‌లో కలిసి బేరింగుల దాకా పోతుందని మొదటి ఆయిల్‌ని త్వరగా దించేసేవారు. ఇప్పుడు ఆ గోడల్ని ఫ్యాక్టరీలోనే కొలత తప్పకుండా, ఆయిల్ నిలవడానికి కావలసినంత సన్నటి గీతలు మాత్రం ఉంచి తయారుచేస్తున్నారు. రాలే కొద్ది రజనునీ ఫిల్టర్ పట్టుకుంటుంది. అందుకే మన దగ్గర చాలా పెట్రోలు కార్లకి మొదటి ఉచిత సర్వీసులో పైపైన చూసి పంపేస్తారు. ఆయిల్, ఫిల్టర్ మార్చేది 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు. నీ కారు లెక్క డాష్‌బోర్డు అరలో ఉన్న పుస్తకంలో ఉంటుంది. అందులో ఏముంటే అదే నీకు ప్రమాణం, నా మాట కూడా దాని తరవాతే.

అయితే ఆ పుస్తకంలోనే ఇంకో పేజీ ఉంటుంది, చాలామంది తిప్పరు. దుమ్ము రోడ్లు, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, నాలుగైదు కిలోమీటర్ల చిన్న తిరుగుళ్లు ఉంటే గడువు తగ్గించుకోమని రాసే పేజీ అది. నీ కోసమే రాసినట్టుంటుంది! కొండాపూర్ నుంచి మాదాపూర్ వెళ్లేటప్పుడు సిగ్నల్ దగ్గర నిలబడ్డంతసేపూ మీటరు కదలదు, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పైగా అంత దగ్గర ప్రయాణంలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. చల్లటి ఇంజిన్‌లో పూర్తిగా మండని పెట్రోలు, మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి ఆయిల్‌లోకి దిగుతాయి. బాగా వేడెక్కితేనే అవి ఎగిరిపోతాయి, లేకపోతే అక్కడే ఉండి ఆయిల్‌ని పాడుచేస్తాయి. కాబట్టి నువ్వు 10,000 కోసం ఎదురుచూడకు. ఆరు నెలలకి మీటరు ఎంత చూపించినా సరే, మొదటి ఆయిల్ మార్పించు. ఈలోగా నెలకోసారైనా హైవే మీద ఓ గంట తిప్పితే ఇంజిన్‌కి మేలు.

మొదటి వెయ్యి కిలోమీటర్లూ ఆయిల్ కన్నా నీ కాలే ముఖ్యం. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కకు. విజయవాడ రోడ్డెక్కినా ఒకే వేగంలో గంటల తరబడి పోకుండా కాస్త తగ్గిస్తూ పెంచుతూ నడుపు. రింగులు కుదురుకునేది అప్పుడే.

మీ అన్నయ్యది డీజిల్ బండి కదా, వాడికీ ఒక మాట చెప్పు. ఆయిల్ నల్లబడిందని కంగారు పడొద్దను, డీజిల్‌లో మసి వల్ల త్వరగా నల్లబడుతుంది. కానీ డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే మాత్రం ఊరుకోవద్దు. బీఎస్-6 డీజిల్ కార్లలో పొగగొట్టం ఫిల్టర్‌లోని మసిని కాల్చుకునేటప్పుడు కొంత డీజిల్ ఆయిల్‌లో కలవొచ్చు. ఊళ్లోనే తిరిగే బండికి ఆ ఇబ్బంది ఎక్కువ.

నువ్వూ రెండు వారాలకోసారి డిప్‌స్టిక్ చూడు. బండి సమతలంలో ఆపి, ఇంజిన్ కట్టేసి కొన్ని నిమిషాలాగి, పుల్ల తీసి తుడిచి మళ్లీ ముంచి తియ్యి. రెండు గీతల మధ్య ఉంటే చాలు. కొత్తలో ఇంజిన్ కాస్త ఆయిల్ తాగినా కంగారుపడకు. పై గీత దాటించి మాత్రం పోయించకు, ఎక్కువైతే అదీ చేటే.

మార్పించే రోజు దగ్గరుండు. ఉచిత సర్వీసంటే కూలీ మాత్రమే ఉచితం, ఆయిల్‌కీ ఫిల్టర్‌కీ డబ్బు నీదే. పుస్తకంలో ఆయిల్ గ్రేడు జీరో డబ్ల్యూ ట్వంటీ అని ఉంటే అదే పోయించు, చిక్కటిది మంచిదని ఎవరన్నా వినకు. ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు వాషరు కొత్తవి వేశారో లేదో అడుగు. ఇంజిన్ లోపల కడుగుతాం, ఫ్లష్ అంటారు, కొత్త బండికి అది దేనికమ్మా, వద్దని చెప్పు. బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడు రాయించుకుని ఆ పుస్తకంలోనే పెట్టు. వారంటీ అడగాల్సి వస్తే ముందు చూసేది ఆ కాగితాలే.