మిగిలిన దారం

మా బాబుకి మూడో నెల నిండాక వాడికోసం ఒక స్వెటరు మొదలుపెట్టాను. లేత పసుపు ఉన్ని, రెండు సూదులు, యూట్యూబులో ఒక పెద్దావిడ చెప్పే పాఠం. వీపు భాగానికి డెబ్భై కుట్లు ఎత్తుకుని, ఒక వరస సీదా, ఒక వరస ఉల్టా. హైదరాబాదులో పసివాడికి స్వెటరు వెయ్యాల్సినంత చలి ఏడాదికి ఎన్ని రోజులుంటుంది గనక? నేను అల్లే వేగానికి ఆ చలి వెళ్ళిపోయి, వాడు ఆ కొలత దాటి పెరిగిపోతాడని మొదటి వారంలోనే తెలిసిపోయింది. అంతకన్నా మెత్తటిది బజార్లో మూడు నాలుగొందలకి దొరుకుతుంది. మా ఆయన ఆ మాట ఒక్కసారి అని, నా మొహం చూసి ఊరుకున్నాడు.

మరి ఎవరికోసం అల్లుతున్నట్టు? వాడికోసమే అని నోరారా చెప్పుకున్నాను కానీ, వాడి అభిరుచి వేరే. వాడికి ఉన్ని ఉండ మీద ఉన్న కాగితపు చీటీ అంటే ఇష్టం. నలిపితే చప్పుడవుతుంది కాబట్టి. స్వెటరు గురించి వాడికేమీ తెలీదు. అడగనివాడికి, అక్కర్లేనివాడికి, ఇచ్చినట్టు కూడా గుర్తుండనివాడికి ఇచ్చేదాన్ని కానుక అనొచ్చా? లేక నా సరదాకి నేను చేసుకుంటూ దానికి వాడి పేరు పెట్టానా? ఇదేమంత పెద్ద ప్రశ్న కాదనుకుంటూనే రెండు వారాలు దీనితోనే తిరిగాను. పసిపిల్లల తల్లులకి తెలుసు, రాత్రి రెండు గంటలప్పుడు ఏ ప్రశ్నా చిన్నది కాదు.

అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం తొమ్మిదో భాగంలో దీనికి దగ్గరి ప్రశ్నే వేసుకున్నాడు. మేలు పొందినవాళ్ళు మేలు చేసినవాళ్ళని ప్రేమించేదాని కన్నా, చేసినవాళ్ళే పొందినవాళ్ళని ఎక్కువ ప్రేమిస్తారు, ఎందుకని? తిరిగొస్తుందన్న ఆశతో కాదంటాడాయన. పనివాడికి తన చేతిపని మీద ఉండే ప్రేమ లాంటిదది. ఆ వస్తువుకి ప్రాణం వస్తే అది అతన్ని అంతగా ప్రేమించదు. చేసిన వస్తువులో చేసినవాడు కొంత ఉంటాడు, ఉన్నాననే తృప్తి ఎవరికైనా ఇష్టమే. కష్టపడి సంపాదించుకున్నదాని మీద మమకారం ఎక్కువ, అందుకే తల్లులకి పిల్లల మీద ప్రేమ ఎక్కువ అని కూడా అక్కడే అంటాడు. ఇది చదివి నాకు భలే ఊరట కలిగింది. స్వెటర్లో నేనున్నానని ఒప్పుకోవడం తప్పేమీ కాదన్నమాట. వాడికోసమా నాకోసమా అని విడదీయక్కర్లేదు. సూదులు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

ఆ ఊరట ఎంతోకాలం నిలవలేదు. ఒక మధ్యాహ్నం చంక దగ్గర కుట్లు తగ్గించుకుంటూ తలెత్తి చూశాను. బాబు వరండాలో మా ఇంట్లో పనిచేసే ఆమె భుజం మీద నిద్రపోతున్నాడు. ఆమె అటూ ఇటూ నడుస్తోంది. అలా ఎంతసేపటి నుంచి నడుస్తోందో నేను గమనించలేదు. నా బిడ్డ మీద ప్రేమతో నేను స్వెటరు అల్లుతుంటే, ఆ ప్రేమకి తీరిక దొరకడం కోసం నా బిడ్డని ఇంకొకామె ఎత్తుకుని తిప్పుతోంది. ఆమె కూతురికి రెండేళ్ళు. పాలమూరు దగ్గర పల్లెలో తన తల్లి దగ్గర వదిలి వచ్చింది.

2017లో చట్టం సవరించాక, నాలాంటి ఉద్యోగినికి మొదటి ఇద్దరు పిల్లలకీ ఒక్కొక్కరికి ఇరవయ్యారు వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. పదిమందీ, అంతకన్నా ఎక్కువమందీ పనిచేసే చోట్లకి ఆ చట్టం వర్తించేది. మా ఇంట్లో పనిచేసేది ఒక్క మనిషి. కాబట్టి ఆమె బిడ్డకి పాలిచ్చే రోజుల్లో ఆమెకి ఒక్క వారం కూడా రాలేదు. నా స్వెటరు నా సెలవులోంచి వచ్చిందని అప్పటిదాకా అనుకున్నాను. ఆ సెలవు కూడా సగం ఆమె భుజం మీదే ఉంది. అన్నట్టు, అరిస్టాటిల్ కాలపు ఏథెన్సులోనూ ఉన్ని వడికి బట్ట నేసింది ఇంటి ఆడవాళ్ళు, బానిసలు. చేతిపని మీద చేసినవాడి ప్రేమ గురించి చెప్పేటప్పుడు ఆయనకి గుర్తొచ్చింది మాత్రం పనివాళ్ళూ కవులూ.

ఇక్కడ మా అమ్మమ్మ గురించి చెప్పాలి.

మాది నరసాపురం వైపు. క్రైస్తవ మిషనరీలు పంతొమ్మిదో శతాబ్దంలో నేర్పిన లేసు అల్లిక అక్కడ ఇంటింటి పనయ్యింది. దొడ్లో, అరుగు మీద, మంచం పట్టె మీద కూర్చుని ఆడవాళ్ళు చిన్న కొక్కెం సూదితో తెల్లదారం పువ్వులు అల్లేవాళ్ళు. ఆ పువ్వులు ఎక్కడెక్కడి దేశాల బల్లల మీదికో గుడ్డలై వెళ్ళేవి. పొలానికి పోనక్కర్లేని కులాల్లో గడప దాటకపోవడమే గౌరవం కాబట్టి, ఇంట్లో కూర్చుని చేసే ఈ పని మర్యాదైన పని. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఈ ఊళ్ళు తిరిగి 1982లో ఒక పుస్తకమే వేసింది, నరసాపురం లేసు అల్లేవాళ్ళ మీద. ఆమె చూపించిందేమిటంటే, వీళ్ళని ఇల్లాళ్ళు అనడంలోనే కిటుకంతా ఉంది. తీరిక వేళ ఏదో కాలక్షేపానికి చేస్తున్నారు అంటే చాలు, దాన్ని పని అనక్కర్లేదు, కూలి గిట్టేలా ఇవ్వక్కర్లేదు. అల్లేది ఆడవాళ్ళు, అమ్మేది మగవాళ్ళు. ఈ పుస్తకం సంగతి అమ్మమ్మకి తెలీదు. ఏజెంటు సంగతి మాత్రం బాగా తెలుసు.

బాబు పుట్టినప్పుడు అమ్మ ఒక పాత ట్రంకు పెట్టెలోంచి నా టోపీ తీసింది. వాడు పుట్టకముందు ఏ బట్టా కొననివ్వలేదు, కుట్టనివ్వలేదు అమ్మ. పుట్టాక కూడా ముందు మెత్తబడ్డ పాత నూలు చీర ముక్కల్లోనే చుట్టాలంది. టోపీకి మాత్రం మినహాయింపు, అది ముప్ఫయ్యేళ్ళ పాతది కాబట్టి. తెల్ల లేసు టోపీ, లోపల మల్లుగుడ్డ అస్తరు, మాడు మీద గాలి తగలకుండా. అస్తరు ఎందుకంటే పిల్లల వేళ్ళు లేసు కంతల్లో ఇరుక్కుంటాయని అమ్మమ్మ భయం. అది నిజమైన భయమే. దారం చుట్టుకుని రక్తం ఆగితే చిటికెన వేలు నల్లబడిపోతుంది. మీ ఇళ్ళలో అల్లిన మేజోళ్ళూ చేతి తొడుగులూ ఉంటే, తొడిగేముందు లోపలివైపు ఒకసారి తిప్పి చూడండి.

టోపీ నా చేతిలో పెడుతూ అమ్మ నవ్వింది. "ఇది ఏజెంటు దారమేనే."

ఏజెంటు ఇన్ని కండెల దారం ఇచ్చి, దానికి ఇన్ని పువ్వులు రావాలి అని లెక్క కట్టేవాడట. అమ్మమ్మ ఒక్కో పువ్వులో ఒకటో రెండో గొలుసులు తగ్గించి, కొంచెం వదులుగా అల్లేది. కంటికి తెలీదు. చివరికి బెత్తెడో మూరెడో మిగిలేది. ఆ మిగులుని చిన్న ఉండగా చుట్టి మినప్పప్పు డబ్బాలో దాచేది. నేను కడుపులో ఉన్నానని తెలిసిన దగ్గర్నుంచి దాచిందట. ముక్కలకి ముక్కలు ముడేస్తూ, దీపం పెట్టాక, లెక్కలో లేని వేళల్లో ఆ టోపీ అల్లింది. తిప్పి చూస్తే లోపల ముడులు ఇప్పటికీ చేతికి తగులుతాయి.

ఇది దొంగతనమా కాదా అని మా ఇంట్లో ఒక పూట వాదనయ్యింది. మా ఆయన కాదంటాడు, దోచుకున్నవాడి దగ్గర తీసుకుంటే దొంగతనం ఎలా అవుతుందని. అమ్మ అవునంటుంది, చాలా మామూలుగా. "దొంగతనమే. ఏం, నీకు టోపీ వద్దా?" అంది. నాకు అమ్మ మాటే సబబనిపిస్తోంది. న్యాయం పేరు చెప్పి అమ్మమ్మ చేసినదాన్ని కడిగి తెల్లగా ఆరేస్తే, ఆవిడ పడ్డ భయం మాయమైపోతుంది. ఏజెంటు పువ్వుని వేళ్ళతో లాగి చూస్తున్నప్పుడు ఆవిడ ఊపిరి బిగబట్టి ఉంటుంది కదా. పట్టుబడితే మర్నాటి నుంచి దారం రాదు. తన వేళ్ళ మధ్య రోజంతా నడిచే దారంలో తన మనవరాలికి బెత్తెడు కూడా తీసుకునే హక్కు లేని మనిషి తెగించి చేసిన పని అది. నేను నా స్వెటరు కోసం తెగించిందేమీ లేదు. ఆన్‌లైన్‌లో నాలుగు ఉండలు తెప్పించుకున్నాను.

అమ్మమ్మ పగలంతా అల్లింది కూలి, రాత్రి అల్లింది ప్రేమ అని విడగొట్టి చెప్పుకోవడం తేలిక. చాలాకాలం నేనూ అలాగే చెప్పుకున్నాను. సూది ఒకటే, దారం ఒకటే, నడుంనొప్పి కూడా ఒకటే. పైగా పగటి పనిని ఇల్లాలి కాలక్షేపం అనబట్టే దానికి అంత తక్కువ కూలి వచ్చింది. ప్రేమ, కాలక్షేపం, అలవాటు లాంటి మంచి మాటలన్నీ ధర తగ్గించడానికి పనికొచ్చాయి. ఇంత తెలిసినదాన్ని కదా, నేనైనా ఆ తప్పు చెయ్యను అనుకున్నాను.

సంక్రాంతికి ముందు మా ఇంట్లో ఆమె నా పాత చీరలు రెండు అడిగింది, ఏదో అవసరం ఉందని. ఇచ్చాను. పది రోజుల తర్వాత ఒక బొంత తెచ్చి బాబు కింద పరిచింది. రెండు చీరలూ నాలుగు మడతలు, చుట్టూ నీలం అంచు, చివరి నుంచి చివరికి వరసలు వరసలుగా సన్న కుట్లు. ఒక మూలన వేలెడంత నల్లగుడ్డ ముక్క, దిష్టికి. ఎంత బాగుందంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా బిడ్డని ఇంత సొంతం చేసుకుందా అని. ఆమె చెయ్యి పట్టుకుని ఏదో అనబోతున్నాను.

"ఆరొందలియ్యి అక్కా" అంది.

ఇచ్చాను. నవ్వుతూనే ఇచ్చాను. కానీ ఆ పూటంతా మనసు చివుక్కుమంటూనే ఉంది. డబ్బు కోసం కాదు, అడిగినా అడక్కపోయినా ఇచ్చేదాన్నే. నేనిస్తే ఆమె మొహమాటపడి, వద్దని, చివరికి తీసుకోవాలి. అదీ నేను మనసులో రాసుకున్న నాటకం. ఆమె నేరుగా ధర చెప్పి నా కన్నీళ్ళని అక్కర్లేకుండా చేసింది. జీతానికి పెట్టుకున్న మనిషి, జీతంలో లేని ప్రేమ కూడా మా ఇంటికి తెచ్చిపెట్టాలని నేను ఎదురుచూశానన్నమాట. బొంత ఊరికే వచ్చుంటే పదిమందికి చూపించి మురిసిపోయేదాన్ని. ఆమె నాకు బాకీ పడకుండా, నన్ను బాకీ పడనివ్వకుండా తేల్చేసింది. నాకు కావలసింది ఆ బాకీయే కాబోలు. పాత చీర ఒకటో, పండక్కి స్వీటు డబ్బానో ఇచ్చి ఏళ్ళ తరబడి తీర్చుకుంటూ పోగలిగిన బాకీ.

మర్నాడు స్వెటరు చెయ్యి అల్లుతుంటే ఆమె పక్కన కూర్చుంది. "గిది అమ్మితే ఎంతొస్తదక్కా?"

అప్పటికి అరవై గంటలైనా పట్టి ఉంటుంది నాకు. ఆమె జీతం పన్నెండు వేలు. రోజుకి తొమ్మిది గంటలు, నెలకి ఇరవయ్యారు రోజులు. గంటకి యాభై రూపాయల పైచిల్లర. ఆ లెక్కన నా స్వెటరు మూడు వేలు, ఉన్ని ఖర్చు కాక. ఎవరూ కొనరు. ఆ మాట పైకి అనలేదు. అదే లెక్క బొంతకి కట్టి చూశాను. ఎన్ని రాత్రులు కుట్టావని అడిగితే ఎనిమిదంది, రెండేసి గంటలు. పదహారు గంటలకి ఆరువందలు. గంటకి నలభై కూడా పడలేదు. పగలు మా ఇంట్లో ఆమె గంటకి ఉన్న విలువ, రాత్రి తన ఇంట్లో లేదు.

ఆమెకి అదే చెప్పాను, వేళ్ళ మీద లెక్కపెట్టి. విని, నాకేదో లోకం తెలీనట్టు చూసింది. "ఇంట్ల కూసొని కుట్టేదానికి పగటి కూలి ఎవలిస్తరక్కా?"

ఇంకో రెండువందలివ్వబోతే తీసుకోలేదు. అడిగింది ఇచ్చినవు కదా అంది. నల్లగుడ్డ ముక్కకెంత అని నేను వేళాకోళానికి అడిగితే మాత్రం కోపం వచ్చింది ఆమెకి. దిష్టికి పైసలెవరు తీసుకుంటారంది. టోపీ లోపలి ముడులు గుర్తొచ్చి నేనింకేం మాట్లాడలేదు.

స్వెటరు ఫిబ్రవరిలో పూర్తయ్యింది. తల పట్టింది కానీ చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. విప్పి ఉన్ని మళ్ళీ ఉండలు చుట్టేశాను. ఉండ దొర్లుతుంటే వాడు పాకుతూ వెంటపడ్డాడు. ఆమె కూతురి కొలత కావాలని అడిగితే, మా ఊళ్ళో స్వెటరెవరేస్తారు, ఉట్టిగ ఉక్క అంది.

మొన్న ఎదురు ఫ్లాటు ఆవిడ లిఫ్టులో ఆపింది. వాళ్ళ అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. "మీ ఇంట్లో ఆవిడ బొంతకి తొమ్మిదివందలు చెబుతోందండీ. మీకు ఆరువందలకే కుట్టిందటగా?"