రాని పొగకు లెక్క: డీజిల్ రెట్రోఫిట్ అంచనాల్లో అభావం, తర్కం

డీజిల్ బండికి కొత్త పరికరం బిగించి ఎంత ఉద్గారం తగ్గించారో చెప్పాలంటే రెండు సంఖ్యల తేడా తీయాలి. ఒకటి, పరికరం పెట్టాక బండి వదిలిన పొగ. రెండోది, పరికరం పెట్టకుంటే అదే బండి అదే కాలంలో వదిలి ఉండే పొగ. మొదటిదాన్ని కొలవవచ్చు. రెండోది అసలు పుట్టనే లేదు, పుట్టనిదాన్ని ఏ యంత్రమూ కొలవలేదు. అందుకే ఇంజినీరింగ్ పనిగా మొదలైన ఈ లెక్క చివరికి ఒక తాత్త్విక ప్రశ్న దగ్గర ఆగుతుంది: లేనిదాన్ని తెలుసుకోవడం ఎలా? భారతీయ దర్శనాలు అభావం పేరిట శతాబ్దాల పాటు వాదించుకున్న ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్న ఎదురయ్యే చోట్లలో హైదరాబాద్ ఐటీ కారిడార్ ఒకటి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ దాకా కార్యాలయాలు విస్తరించాయి. వాటితో పాటే కంపెనీ బస్సులు, క్యాబ్‌లు, ఆర్టీసీ బస్సులు, ఆటోలు పెరిగాయి. పాత డీజిల్ బండిని ఇలా మార్చే (రెట్రోఫిట్) పద్ధతులు ముఖ్యంగా మూడు. సైలెన్సర్ దారిలో ఆక్సిడేషన్ క్యాటలిస్టు పెట్టడం మొదటిది, దీనివల్ల మసి కొంతే తగ్గుతుంది. పార్టిక్యులేట్ ఫిల్టర్ పెట్టడం రెండోది. ఇది మసిలో 85 శాతానికి పైగా పట్టేస్తుంది కానీ గంధకం బాగా తక్కువగా ఉన్న డీజిల్ కావాలి. ఇంజిన్ తీసేసి బ్యాటరీ, మోటారు అమర్చడం మూడోది. తెలంగాణ ప్రభుత్వం 2020లో ప్రకటించిన విద్యుత్ వాహన విధానం ఈ మూడో దారికి ప్రోత్సాహం ఇచ్చింది. మొదటి 5,000 ఆటోలకు మార్పిడి ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా 15,000 రూపాయలు ఇస్తామంది.

లెక్క కట్టే సూత్రం చూడటానికి తేలికే. బండి ఏడాదికి తిరిగే దూరం, కిలోమీటరుకు వదిలే కాలుష్యం, పరికరం పట్టే శాతం, బండికి మిగిలిన ఆయుష్షు, ఈ నాలుగింటిని గుణిస్తే చాలు. ఉదాహరణకు ఒక కంపెనీ బస్సు ఏడాదికి 40,000 కిలోమీటర్లు తిరుగుతూ కిలోమీటరుకు అర గ్రాము మసి వదులుతుందని అనుకుంటే ఏడాదికి 20 కిలోలు. ఫిల్టర్ 85 శాతం పడితే తగ్గింది 17 కిలోలు. బస్సు ఇంకా ఐదేళ్లు నడుస్తుందంటే మొత్తం 85 కిలోలు, రెండేళ్లకే తుక్కుకు పోతుందంటే 34 కిలోలు. బస్సు అదే, ఫిల్టర్ అదే. ఫలితం మాత్రం సగానికన్నా తక్కువకు పడిపోయింది. ఆ తేడా పొగగొట్టంలో పుట్టింది కాదు, భవిష్యత్తు గురించిన ఊహలో పుట్టింది.

అభావాన్ని వేరే పదార్థంగా ఒప్పుకున్నవారు న్యాయ వైశేషికులు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పిన ఏడు పదార్థాల్లో చివరిది అభావమే. ప్రాభాకర మీమాంసకులు దీన్ని ఒప్పుకోరు. నేల మీద కుండ లేదంటే, వారి దృష్టిలో ఉన్నది ఖాళీ నేలే, లేమి అనే మరో వస్తువు లేదు. న్యాయమతంలో ప్రతి అభావానికీ ఒక ప్రతియోగి ఉండాలి, అంటే ఏది లేదంటున్నామో అది. ఆ ప్రతియోగి ఎక్కడో ఒకచోట నిజంగా ఉన్నదై ఉండాలి. కుందేటి కొమ్ము లేదంటే, ఆవుకు ఉన్న కొమ్ము కుందేలుకు లేదనే అర్థం చెప్పుకోవాలి. వదలని పొగకూ ఈ నియమం వర్తిస్తుంది. 17 కిలోల మసి తగ్గిందన్న మాటకు అర్థం ఉండాలంటే, ఆ మసి ఫిల్టర్ లేని అలాంటి మరో బస్సులో, అదే రూటులో, నిజంగా కనిపించి ఉండాలి. పుస్తకంలోని సగటు అంకెతో తృప్తి పడకుండా, అదే డిపోలోని మార్చని బస్సులతో పోల్చి కొలవాలని నిపుణులు కోరేది ఇందుకే.

అభావం తెలిసేది ఎలా అన్నది తర్వాతి చిక్కు. నైయాయికులు ప్రత్యక్షంతోనే తెలుస్తుందంటారు. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, వేరే ప్రమాణంగా (జ్ఞాన సాధనంగా) చెబుతారు. ఒక షరతు మాత్రం అందరికీ సమ్మతం: వస్తువు ఉంటే కనబడి తీరాల్సిన పరిస్థితిలోనే, కనబడకపోవడం లేమికి సాక్ష్యం అవుతుంది. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని అర్థం కాదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం చేసే పరీక్ష ఈ షరతు దగ్గరే తడబడుతుంది. బండిని న్యూట్రల్‌లో నిలిపి, సైలెన్సర్‌లోకి గొట్టం దూర్చి, డ్రైవర్ చేత యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కిస్తారు. పొగ వెలుతురును ఎంత అడ్డుకుందో స్మోక్ మీటర్ చూపిస్తుంది. అది కొలిచేది మసి చిక్కదనాన్ని, అదీ నిలబడి ఉన్న బండిలో. కంటికి కనబడని నైట్రోజన్ ఆక్సైడ్లను చూసే శక్తి దానికి లేదు. సాయంత్రం రాయదుర్గం రద్దీలో ఏసీ వేసుకుని ఆగి ఆగి కదిలే బస్సు సంగతీ దానికి తెలియదు. మీటరు మీద అంకె తగ్గినంత మాత్రాన కాలుష్యం అంతా తగ్గినట్టు కాదు.

లేమికి ఆధారస్థానం కూడా ఉండాలి. ఏది లేదన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ లేదన్నదీ అంతే ముఖ్యం. బ్యాటరీకి మారిన బండి మాదాపూర్ రోడ్డు మీద పొగ వదలదు, ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ దాన్ని చార్జ్ చేసే కరెంటులో పెద్ద భాగం రామగుండం వంటి బొగ్గు కేంద్రాల నుంచి వస్తుంది. లీటరు డీజిల్ మండితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. దేశంలో సగటున యూనిట్ కరెంటుకు 0.7 కిలోలకు కాస్త పైన. లీటరుకు 3 కిలోమీటర్లు ఇచ్చే ఏసీ బస్సు కిలోమీటరుకు 0.89 కిలోలు వదిలితే, 1.2 యూనిట్లు తాగే విద్యుత్ బస్సు వాటా దాదాపు 0.86 కిలోలు. తేడా నామమాత్రం. లీటరుకు 25 కిలోమీటర్లు ఇచ్చే ఆటో బ్యాటరీకి మారి, కిలోమీటరుకు 0.08 యూనిట్‌తో నడిస్తే ఉద్గారం సుమారు సగానికి దిగుతుంది. రోడ్డు పక్కన నిలబడినవారి ఊపిరికి రెండు బండ్లూ మేలే. భూతాపం లెక్కలో మాత్రం రెండూ ఒకటి కావు.

ఇక అసలు కీలకం, మార్పు లేకపోతే ఏం జరిగి ఉండేదన్న ఊహ. నిప్పు లేకుంటే పొగ కూడా ఉండేది కాదు అనే తరహా ఆలోచనను న్యాయ దర్శనం తర్కం అంటుంది. లేనిదాన్ని ఉన్నట్టు ఆరోపించి, దాని పర్యవసానం చూడటం తర్కం పని. అన్నంభట్టు దీన్ని సంశయంతో, విపర్యయంతో (భ్రమతో) కలిపి అయథార్థ అనుభవాల్లో చేర్చాడు. తర్కంలోని ఆరోపం నిజం కాదు, అది నిజం కాదని ఆరోపించేవారికీ తెలుసు. అయినా సంశయాన్ని తొలగించి ప్రమాణానికి తోడ్పడేది అదే. రెట్రోఫిట్ లెక్కలోని ఆధార రేఖ, అంటే పరికరం పెట్టకుంటే వెలువడే పొగ అంచనా, సరిగ్గా ఈ కోవకే చెందుతుంది. గచ్చిబౌలిలోని పర్యావరణ శిక్షణ, పరిశోధన సంస్థ ఈపీటీఆర్ఐ ఈ శతాబ్దం తొలి ఏళ్లలో హైదరాబాద్ ఉద్గారాలపై చేసిన అధ్యయనం 2001ని ఆధారంగా తీసుకుని 2011, 2021 దాకా అంచనాలు వేసింది. ఆ రెండు దశాబ్దాల్లో ఎన్నో మారాయి. 2019 మార్చిలో మెట్రో హైటెక్ సిటీకి, నవంబరులో రాయదుర్గానికి వచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఐటీ ఉద్యోగులు ఇళ్లకు వెళ్లిపోయారు, కంపెనీ బస్సులు షెడ్లకు చేరాయి. 2019లో ఫిల్టర్లు బిగించి, 2020లో గాలి శుభ్రపడిందని ఎవరైనా చూపించి ఉంటే, ఆ ఘనతలో చాలా భాగం ఫిల్టర్లది కాదు, లాక్‌డౌన్‌ది.

తగ్గింపు ఘనతను ఎవరు చెప్పుకోవచ్చన్న నైతికమైన చిక్కుకు మీమాంసలో దారి దొరుకుతుంది. ప్రసక్తి, అంటే జరిగే అవకాశం, ఉన్నచోటే నిషేధానికి అర్థం ఉంటుందని మీమాంసకుల మాట. ఎలాగూ చేయబోని పనిని మానేశానని చెప్పుకోవడం వ్రతం కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు తప్పనిసరి. ఆ ఏడాదే పాత బస్సు తీసేసి కొత్తది కొనాల్సిన యజమాని, పాత బస్సుకు ఫిల్టర్ పెట్టి ఐదేళ్ల పొగ ఆపానంటే, ఆ పొగకు ప్రసక్తే లేదు. పైగా ఫిల్టర్ సాకుతో పాత బండి మరికొన్నేళ్లు తిరిగితే జరిగేది నష్టమే. కార్బన్ క్రెడిట్ల నియమాల్లో, ప్రాజెక్టు లేకుండా జరగని తగ్గింపునే లెక్కలోకి తీసుకోవాలన్న షరతు వెనుక ఉన్నదీ ఇలాంటి వివేకమే.

కాబట్టి తగ్గింపు అంకె పూర్తిగా కొలత కాదు, ఉత్త ఊహా కాదు. ప్రమాణం మీద నిలిచే భాగం అందులో ఉంది: ఓడోమీటర్ రీడింగ్, డిపోలో రాసే కేఎంపీఎల్ (లీటరుకు కిలోమీటర్లు), మార్చిన బండినీ మార్చని బండినీ ఒకే రూటులో పరీక్షించిన ఫలితం. తర్కం మీద నిలిచే భాగమూ ఉంది: మిగిలిన ఆయుష్షు, రాబోయే చట్టం, పెట్టకపోతే ఏమయ్యేదన్న ఊహ. రెండింటినీ కలిపేసి ఒకే అంకెగా ప్రకటిస్తే తర్కానికి ప్రమాణం హోదా ఇచ్చినట్టవుతుంది. విడివిడిగా చూపించి, ఊహ మారితే ఫలితం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా మారుతుందో చెప్పి, పరిస్థితి మారినప్పుడల్లా ఆధార రేఖను తిరిగి గీస్తే ఆ అంచనా నమ్మదగినదవుతుంది.