రాతిమీద పేరు

దేవుని పని చేసినవాడు ఆ పనిమీద తన పేరు వ్రాయించుకొనవచ్చునా? మన పల్లెలలో గుడి కట్టునప్పుడెల్ల ఈ ప్రశ్న లేచును. గంటమీద ఒకరి పేరు, బల్లమీద ఒకరి పేరు, గోడలోని పలకమీద పదిమంది పేర్లు. ఆ వరుసలో తన పేరు కానరానివాడు ఆరాధనకు వచ్చుటయే మానుకొనును. ఈ సంగతినిగూర్చి ఆలోచించుటకై, ఐర్లాండు దేశములోని పాడుపడిన యొక పరిశుద్ధ స్థలమునకు మనస్సుతో నాతోకూడ రండి.

షానన్ నది యొడ్డున, పచ్చిక బయళ్ల నడుమ, క్లోన్‌మాక్‌నాయిస్ అను చోటు కలదు. 6వ శతాబ్దపు మధ్యకాలమున కీరన్ అను భక్తుడు అక్కడ ఒక మఠమును స్థాపించెను. స్థాపించిన కొద్దికాలమునకే, యౌవనమందే, ఆయన మరణించెను. ఆయన నాటినది మాత్రము వందల యేండ్లు పెరిగెను. విద్యార్థులు దూరమునుండి వచ్చిరి. లేఖకులు గ్రంథములను చేతితో వ్రాసిరి. దోపుడుగాండ్రు మరల మరల దానిమీద పడిరి. తుదకు 1552లో ఇంగ్లీషు సైనికులు గంటలను, పుస్తకములను, కిటికీల అద్దములను సహా దోచుకొనిపోయిరి.

వారు విడిచిపోయినవి రాళ్లు. చెక్కడపు సమాధి పలకలు అక్కడ 600కు పైగా దొరకినవి. వాటిలో అనేకములమీద ఒక సిలువయు, ఒక పేరును, ఆ పేరునకు ముందు ఒక చిన్న మాటయు కలవు. ఫలానివాని కొరకు ప్రార్థన అని ఆ మాటకు అర్థము.

ఆ చోటనే సుమారు 4 మీటర్ల ఎత్తుగల ఇసుకరాతి సిలువ యొకటి 10వ శతాబ్దపు తొలిదినములలో నిలుపబడెను. క్రీస్తు సిలువవేయబడుట, కడవరి తీర్పు మొదలగు చిత్రములు దానిమీద చెక్కిరి. దాని అడుగుభాగమున, ఐర్లాండు మహారాజగు ఫ్లాన్ కొరకును, ఆ సిలువను చేయించిన కోల్మన్ కొరకును ప్రార్థన కోరు అక్షరములు కలవు.

చూచితిరా? రాజు పేరును రాతికెక్కెను. అయితే అది పొగడ్తను అడుగుటలేదు. దారిన పోవువారియెదుట బిచ్చగానివలె చేయి చాచి, నాకు ప్రార్థన కావలెనని అడుగుచున్నది. మృతుల కొరకైన ప్రార్థననుగూర్చి మన సంఘములు వేరుగా తలంచునని యెరుగుదును. అయినను ఆ రాజు తగ్గింపు మనకు పాఠము కాదా?

పేరు వ్రాయుటయే పాపమని నేననను. పౌలును తన తోడి పనివారి పేర్లను పత్రికలలో ప్రేమతో వ్రాసెను. మన పేరు చూచువారిని ఏమి అడుగుచున్నదనునదే ప్రశ్న.

వానకు గాలికి ఆ సిలువ అక్షరములు అరిగిపోయినవి. దానిని కాపాడుటకై కప్పుక్రిందికి చేర్చి, బయట దాని ప్రతిరూపమును నిలిపిరి. రాయియే అరుగగా, మన సున్నపు గోడమీది రంగు ఎన్నాళ్లుండును? పొగడ్తను కోరిన పేరు అరిగినయెడల దానికి మిగులునదేమియు లేదు. ప్రార్థనను కోరిన పేరు అరిగినను, ఆ ప్రార్థన వినువాడు మరువడు.

తెల్లవారకమునుపే మన గుడి ఊడ్చు విధవరాలి పేరు ఏ పలకమీదను లేదు. ఆమె ఊడ్చిన నేలమీదనే మనము మోకరించుచున్నాము. ఈ ఆదివారము పలకమీద మీ పేరు వెదకకమునుపు, ఆమె పేరెత్తి ప్రార్థించుడి.