ఇంజను లేని రెక్కలు



ఎండకాలమున భద్రాచలము దారిలో, అడవి అంచున నిలిచి ఆకాశము చూచినవారు ఈ సంగతి ఎరుగుదురు. గద్ద రెక్క ఆడింపకయే పైపైకి పోవుచుండును. నేల వేడెక్కగా వేడిగాలి పైకి లేచును. గద్ద దానిని కనుగొని అందులో చుట్లు తిరుగును. ఇంజను లేని గ్లైడరు ఎగురుటయు ఇట్లే. యంత్రముతో తాడు లాగియో, వేరొక విమానము వెనుక కట్టియో దానిని పైకి పంపుదురు. తాడు విడిచిన పిమ్మట గాలియే ఆధారము. ఆ గాలి లేకున్నను మంచి గ్లైడరు ఒక కిలోమీటరు ఎత్తునుండి 30 కిలోమీటర్ల దూరము జారగలదు. ఆలోగా దిగుటకు చదునైన నేల దొరకవలెను. మన గోదావరి కొండలలో అట్టి నేల ఏది? గద్దకైతే చెట్టుకొమ్మ చాలును.

పట్టణములో చదువుకొనుచున్న కొత్తగూడెము యువకుడొకడు సెలవులకు వచ్చి ఇట్లడిగెను: "అయ్యగారూ, మా నాయన బతుకంతా బొగ్గుబాయిలో దిగిండు. నేను సరదాకు గ్లైడరెక్కితే పాపమా?" నేను నోరు తెరవకమునుపే తల్లి అందుకొనెను: "దిగిన మనిషి జీతం తెచ్చిండు. ఎక్కినోడు ఏం తెస్తడు?"

ఆ మాటకు వెంటనే జవాబు దొరకలేదు. జర్మనీ దేశస్థుడైన ఒట్టో లిలియెంతాల్ గ్లైడర్లతో సుమారు 2000 సార్లు ఎగిరి, 1896 ఆగస్టు 9న పడి మరునాడు మరణించెను. భార్యయు నలుగురు పిల్లలును మిగిలిరి. అయితే అతడు వ్రాసిపెట్టిన విద్య రైట్ సోదరులకు దారి చూపెను. నేడు సరదాకు ఎగురువాడు లోకమునకు అట్టి విద్య తేడు. తెచ్చునది సంతోషము మాత్రమే. సంతోషమును నేను చులకన చేయను. ఆగూరు తన బుద్ధికి అందని నాలుగింటిలో ఆకాశమందు గద్ద జాడను లెక్కించెను గదా (సామెతలు 30).

దేవాలయ శిఖరమునుండి దుముకుమని శోధకుడు చెప్పినప్పుడు ప్రభువు నిరాకరించెను (మత్తయి 4). ఈ వాక్యము చూపి గ్లైడరును నిషేధించువారున్నారు. అది సరికాదని నా తలంపు. శోధకుడు కోరినది దేవుని పరీక్షించు దుముకు. గురువు ప్రక్కన కూర్చుండి నేర్చుకొని, తాడును కొక్కెమును తడవి చూచి, గాలి బాగులేని దినమున ఇంటికి మరలువాడు దేవుడు గాలికి పెట్టిన కట్టడకు లోబడుచున్నాడు. మోషే ధర్మశాస్త్రము మిద్దె ఎక్కవద్దనలేదు, మిద్దెకు పిట్టగోడ కట్టుమనెను (ద్వితీ. 22:8).

అయినను నన్ను కలవరపెట్టునది వేరొకటి. బేత్లెహేము బావినీళ్లకై ముగ్గురు ప్రాణమునకు తెగించి శత్రువుల దండును దాటిరి. దావీదు ఆ నీళ్లు త్రాగలేక పారబోసెను, అవి వారి రక్తమువలె అతనికి తోచెను (2 సమూ. 23). ఎగురువాడు తన ప్రాణమునే పణముగా పెట్టుచున్నానని తలంచును. తల్లి నిద్ర ఎవరి ఖాతాలోనిది?

రైట్ సోదరుల తండ్రి మిల్టన్ రైట్ ఒక ప్రొటెస్టంటు సంఘమునకు బిషప్పు. ఇద్దరము ఒక్కసారే ఎక్కమని కుమారులు ఆయనకు మాట ఇచ్చియుండిరి. 1910 మే 25న ఆయన సెలవిచ్చినందున ఒక్కమారు కలిసి ఎగిరిరి. అది ఇంజనుగల విమానమనుకొనుడి. ఆ దినముననే 81 ఏండ్ల ఆ పెద్దాయనయు కుమారుని ప్రక్కన కూర్చుండి పైకెక్కి, ఇంకను పైకి పోనిమ్మనెనట! ముందుగా మాట తీసికొనినందుననే ఆయనకు ఆ ఉల్లాసము కలిగెనని నేననుకొందును.

ఈ సంగతి చెప్పినను తల్లి ఒప్పుకొనలేదు. ఆమెను తప్పుపట్టను. అంతవరకు మౌనముగానున్న తండ్రి కొడుకును అడిగెను: "బాయిలో దిగేముందు నేను దీపం చూసుకునేటోణ్ణి, పైకప్పు చూసుకునేటోణ్ణి. నువ్వు ఎక్కేముందు ఏమేం చూసుకుంటవు?"

కొడుకు ఒక్కొక్కటే చెప్పసాగెను. తండ్రి నడుమ నడుమ ప్రశ్నించుచు చివరివరకు వినెను.