సంస్థలు నేర్చుకొనుట

వ్యక్తి పొరపాటు చేసి నేర్చుకొనును. సంస్థ నేర్చుకొనగలదా? ప్రపంచ విపణి నానాట మారుచుండగా, వర్తక సంస్థలకును వ్యాపార విద్యాలయములకును ఇది ముఖ్య ప్రశ్న యైనది. 1978లో క్రిస్ ఆర్గిరిస్, డొనాల్డ్ షోన్ అను అమెరికా పండితులు ఇందు రెండు మెట్లను గుర్తించిరి. ఉన్న పద్ధతిలోని లోపమును దిద్దుకొనుట మొదటిది. ఆ పద్ధతికి మూలమైన భావననే పరీక్షించుకొనుట రెండవది. రెండవది కష్టతరము, ఏలన, అందు అహంకారము దెబ్బతినును.

సూరత్ జిల్లాలోని బార్డోలీ చరిత్ర దీనికి నిదర్శనము. 1922లో అచ్చట సామూహిక శాసనోల్లంఘనమునకు సర్వము సిద్ధమైయుండెను. అంతలో చౌరీచౌరాలో జనసమూహము ఠాణాకు నిప్పంటించి పోలీసులను చంపెను. ఫిబ్రవరి 12న బార్డోలీలోనే కాంగ్రెసు కార్యవర్గము ఉద్యమమును నిలిపివేయ నిశ్చయించెను. గుంటూరు జిల్లాలో పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన పెదనందిపాడు పన్నుల నిరాకరణము కూడ ఆ నెలలోనే ముగిసెను. ఎచ్చటనో ఎవరో చేసిన హింసకు ఈ రైతులేల వెనుదిరుగవలెను? చెరసాలలోని నాయకులు సైతము నొచ్చుకొనిరి. ఆ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. ఐనను ఉద్యమము ఎదిరి బలమును గాక తన యోగ్యతను ప్రశ్నించుకొనెను.

తరువాతి యేండ్లలో బార్డోలీ ఆశ్రమసేవలో, ఖద్దరు పనిలో, మద్యపాన వ్యతిరేక ప్రచారములో కార్యకర్తలు గ్రామములతో పెనవేసికొనిరి. ప్రభుత్వము శిస్తును 22 శాతము పెంచగా, 1928లో అదే ఫిబ్రవరి 12న, రైతులు వల్లభభాయి పటేలు నాయకత్వమున చెల్లింపమని ప్రతిన పూనిరి. భూములు జప్తయినను చేయి యెత్తలేదు. తుదకు విచారణ సంఘము ఆ పెంపుదలను సుమారు 6 శాతమునకు కుదించెను.

1950ల దశకములో అదే గడ్డపై రైతులు సహకార చక్కెర కర్మాగారమును స్థాపించుకొనిరి. ఐతే బార్డోలీ ప్రాంతపు మిల్లులకు చెరకు నరకు వలస కూలీల దుర్దశను యాన్ బ్రేమన్ అను డచ్చి పండితుడు 1978లోనే వర్ణించెను. ఒకనాడు అన్యాయము నెదిరించిన సంఘము వేరొకనాడు తన గుమ్మమున నున్న అన్యాయమును చూడకపోవచ్చును. నేర్చుకొనుట ఒక్కసారితో ముగియునది కాదు.

విపణికి తగినట్లు యంత్రములను, లెక్కలను మార్చుకొనుట సులభము. లాభములో పాలులేనివాని కష్టమును తన దోషముగా గుర్తించుటయే దుష్కరము. వ్యాపార విద్య ఈ చూపును కూడ అలవరచినపుడే అది విద్య యనిపించుకొనును. లేనిచో అది కేవలము చాతుర్యము.