ముసుగు వెనుకనున్న మనుష్యుడు

అందఱికిని తెలిసిన రహస్యమును ఎవ్వరును బయటపెట్టకుండుట అసత్యమగునా? నైజీరియా దేశపు ఆగ్నేయ భాగమున నివసించు ఇగ్బో జనుల వేషసంప్రదాయము ఈ ప్రశ్నను మనముందు నిలుపుచున్నది.

వారు మ్మన్వు అని పిలుచు వేషమున, మగవాడు కొయ్యతో చెక్కిన మొగమును తాల్చి, వస్త్రములతో గాని ఒక జాతి తాళవృక్షపు నారతో గాని మేనెల్ల కప్పుకొని, వాద్యములు మ్రోగుచుండగా ఊరిలోనికి వచ్చును. అప్పుడాతడు ఒకానొకని కుమారుడు కాడు. లోకాంతరమునుండి వచ్చిన ఆత్మ. అగ్బొఘో మ్మువొ యను వేషమున తెల్లని సుకుమారమైన మొగముతో కన్యకాత్మ సాక్షాత్కరించును. ఆ తెలుపు ఆత్మలోకపు వర్ణము. ఆ కన్యకను ధరించినవాడును పురుషుడే. ఇజెలె యను మహావేషము సుమారు నాలుగు మీటర్ల యెత్తు కలది. దానిని సిద్ధపఱచుటకు నూఱుమంది ఆఱు మాసములు పాటుపడుదురు. 2009వ సంవత్సరమున యునెస్కో సంస్థ దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చినది.

చినువా అచెబె 1958లో ప్రకటించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలలో తగవు తీర్చుటకు తొమ్మండ్రు పితృదేవతలు సభకు వేంచేయుదురు. వారిలో నొకని నడక ఒకొంక్వో నడకవలె నున్నదని స్త్రీలు కనిపెట్టియుండవచ్చును. అయినను నోరు మెదపరు. ఇందొక మేలు లేకపోలేదు. తీర్పు చెప్పినవాడు పొరుగువాడు గాక పితరుడగుటచే, ఓడినవానికి పొరుగువానిపై పగ పెంచుకొనుటకు కారణము తగ్గును. అఫిక్పో గ్రామములందు ఒకుంక్పా యను ప్రదర్శనమున ముసుగు తాల్చిన యువకులు పెద్దల లోభమును, అవివేకమును బహిరంగముగ పరిహసింతురు. వట్టిమొగముతో ఆ మాటలాడగల ధైర్య మెందఱికుండును? ఇట్టిచోట ముసుగు సత్యమునకు శత్రువు కాదు, సాధనము.

కాని నాణెమునకు రెండవ ప్రక్కను కూడ చూడవలయును. సాధారణముగ ఈ వేషసంఘములందు స్త్రీలకు ప్రవేశము లేదు. కొన్ని తావుల వృద్ధురాలి కొకతెకు గౌరవస్థానము కలదు గాని, అది మినహాయింపు మాత్రమే. తక్కినవారు తెలిసియు తెలియనట్లుండవలయును. మనసార పాటించిన మౌనము మర్యాద. దండనకు వెఱచి పాటించిన మౌనము దాస్యము. పైకి రెండును ఒకటే వలె కనబడును. బలవంతుని ముందు బలహీనునకు నోరిచ్చు ముసుగే, బలవంతుడు బలహీనులకు జవాబు చెప్పకుండ తప్పించుకొనుటకును ఉపయోగపడుచున్నది.

అట్లయిన ముసుగును లాగివేయుటయే సంస్కారమా? ఆ నవలలోనే ఎనోకు అను నూతన క్రైస్తవుడు నలుగురిలో ఒక పితృదేవత ముసుగు తొలగించెను. దాని వలన ఒక్క స్త్రీకైనను స్వాతంత్ర్యము రాలేదు. ఎనోకు ఇల్లును, క్రైస్తవ దేవాలయమును దగ్ధమయ్యెను. అవమానించినవాని మాట ఎవ్వరును వినరు. సంస్కర్త చేయవలసినది కొయ్యమొగమును పగులగొట్టుట కాదు; అది పలికిన తీర్పునకు మనుష్యుని చేత జవాబు చెప్పించుట, ఆ మౌనమును స్త్రీల యిష్టమునకు విడుచుట.

ఇది ఇగ్బోల మాట మాత్రమే యని మనము తృప్తిపడరాదు. మన యిండ్లలో “పెద్దల ఆచారము” అను పేర ఆజ్ఞ వెలువడినప్పుడు పలుకునది పితరులా, లేక ఎదుట కూర్చున్న యజమానుడా? ఆ ప్రశ్నను వినయముతో అడుగుటకు కోడలికి హక్కు కల యింట ఆచారమునకు వచ్చు హాని యేమియు లేదు.