మ్రాను బొడిపె – కర్త నిర్ణయము

మట్టిని తెలిసికొన్నచో మట్టి పాత్రలన్నియు తెలియబడునని ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువునకు బోధించెను. బంగారము, ఇనుము కూడ అచ్చట దృష్టాంతములే. ఆ మూడింటియందును ఒక సౌలభ్యము కలదు. కాల్చని కుండ వంకరపోయినచో మరల ముద్ద చేయవచ్చును. నగ నచ్చనిచో కరగించవచ్చును. కర్ర అట్టిది కాదు. రంపము నడచిన పిమ్మట వెనుకకు మరలుట లేదు. వస్తుతత్త్వమునకు మట్టి చక్కని దృష్టాంతమే కావచ్చును గాని, మనుష్యుని కర్మకు కర్రయే దగ్గరి పోలిక.

ముదురు చింత, వేప మ్రానులపై అప్పుడప్పుడు గుమ్మడికాయవలె ఉబ్బిన బొడిపె కానవచ్చును. గాయమో, పురుగో, తెగులో సోకినచోట చెట్టు పెంచుకొనిన కణితి అది. పెక్కింటిలో విచ్చుకొనని మొగ్గలు గుంపులుగా ఇమిడియుండును. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో లక్క బొమ్మలకు వాడు అంకుడు కర్ర మెత్తనిది, నార సన్ననిది. దానిపై ఉలి ఎట్లు నడచునో పనివాడు ముందే ఎరుగును. బొడిపెలో నారకు ఒక దిశ లేదు. బొటనవ్రేలి వెడల్పునకే తిరుగుడు మారును.

ఇక దీనిని ఎట్లు కోయవలెను? పై బెరడునకు సమాంతరముగా కోసినచో మొగ్గల గుర్తులు కన్నులవలె చుక్కలై అగుపించును. మ్రాను లోపలినుండి బెరడువైపునకు కోసినచో ఆ కన్నులే పొడవైన చారలగును. ఒక ముఖమున రెండును దక్కవు. లోపల బెరడు ముక్క చిక్కుకొనియున్నదో, కుళ్లు దాగినదో కోయక తెలియదు. కోసి తెలిసికొనునప్పటికి ఎంచుకొను అవకాశము గడచిపోవును.

అట్లయిన కోయక ఊరకుండుట మేలు కదా యని తోచవచ్చును. పచ్చి కర్ర ఆ అవకాశము నీయదు. తేమ ఇంచుమించు నూటికి 30 పాళ్లకు దిగినది మొదలు కర్ర కుదించుకొనును. అదియును అన్ని వైపుల సమముగా కాదు. మామూలు కర్రలో వలయముల వెంబడి కుదింపు, అడ్డముగా గల కుదింపునకు సుమారు రెట్టింపు. బొడిపెలో అది ఎటు లాగునో చెప్పుట మరింత కష్టము. కోసిన ముఖమునకు మైనము పూసినచో కొంత గడువు లభించును, అంతే. కోయుటకు వెనుదీసినవానికి బదులుగా ఎండ కోయును.

అందుచేత పలువురు పనివారు పచ్చిగా ఉండగనే గిన్నెను దళసరిగా తరిమెన పట్టి విడిచెదరు. అడ్డుకొలత 10 అంగుళములైనచో గోడ మందము 1 అంగుళము. నెలల తరబడి నీడన ఆరి అది కోలగా వంగును. పిమ్మట మరల గుండ్రముగా చేసెదరు. కర్మకు అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అను ఐదు కారణములను భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయము చెప్పినది. కర్ర, పనివాడు, ఉలి, చేతి కదలిక – నాలుగింటికి లెక్క కుదిరినది. ఆ అంగుళము ఐదవదాని వాటా. ఇది వినయమా, లౌక్యమా యని విడదీయుట వ్యర్థము. పని తెలిసినవానియందు రెండును ఒక్కటిగనే యుండును.

గాయమే సౌందర్యమైనదని బొడిపెను పొగడువారు కలరు. మాట ఇంపుగానున్నది గాని తేలికది. చెట్టు గిన్నె కొరకు గాయపడలేదు. నడుమ నల్లని బెరడు గుంట బయటపడినప్పుడు పనివానికి ఆ పొగడ్త అక్కరకు రాదు. గోడ నిలుచునా యని వ్రేలితో తట్టి చూచును. నిలుచునని తోచిన గుంటను అట్లే ఉంచును. లేనిచో మంచి కర్ర తగులువరకు లోనికి పోవును, గిన్నె చిన్నదగును.